కత్తెరమ్మ రెండో కోత

నగర రవాణా సంస్థలో ఆమె అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ఆమె కత్తెరమ్మ. ఎదురుగా ఉన్నప్పుడు మేడమ్ అంటారు, వరండా మలుపు తిరగ్గానే కత్తెరమ్మ అంటారు. ఆమెకీ తెలుసు. తెలిసినా కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఊళ్ళో ఎక్కడ కొత్త రైలు లైను వెయ్యాలన్నా, బస్సుల డిపో కట్టాలన్నా, రోజూ ఎంతమంది ఎక్కుతారన్న అంచనా ముందు ఆమె బల్ల మీదికి రావలసిందే. వచ్చింది వచ్చినట్టు తిరిగి వెళ్ళిన దాఖలా లేదు.

ఈ కోతకి ఆ ఆఫీసులో ఒక మర్యాద ఏర్పడిపోయింది. అంచనా పంపేవాళ్ళు ఎక్కబోయే జనాన్ని కాస్త ఎక్కువ చేసి చూపిస్తారు. ఆ కాస్తా ఆమె కోసేస్తుంది. ఆమె కోస్తుందని తెలుసు కాబట్టి వాళ్ళు కలుపుతారు, వాళ్ళు కలుపుతారని తెలుసు కాబట్టి ఆమె కోస్తుంది. ఎవరు మొదలుపెట్టారంటే ఎవరూ చెప్పలేరు. కలిపే ఆ ముక్కకి "కత్తెర భాగం" అని పేరు కూడా పెట్టుకున్నారు. దర్జీవాడు కుట్టులో లోపలికి కొంత గుడ్డ వదిలినట్టే ఇదీనూ, అబద్ధమని ఎవరూ అనుకోరు. కత్తెర భాగం పోయాక మిగిలినదాని మీద అసలు పరిశీలన మొదలయ్యేది.

ఆ సంవత్సరం పాతికేళ్ళ పెట్టుబడి ప్రణాళిక తిరగరాస్తున్నారు. దానికి మూడు భాగాలు. మొదటి భాగంలో ఉన్న పనికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో తెలుసు కాబట్టి ఆ పని జరుగుతుంది. రెండో భాగంలో ఉన్నదానికి "చూద్దాం" అంటారు. మూడో భాగం గురించి చెప్పేదేముంది, అటకే. పాత లైను మరమ్మతు అనే పని మాత్రం ఎన్నిసార్లు తిరగరాసినా రెండో భాగంలోనే కూర్చుని ఉండేది. ఎప్పటికప్పుడు దాన్ని మొదటి భాగంలోకి తేవాలని కొట్టుకులాడే మనిషి ఈ కత్తెరమ్మ ఒక్కతే.

పాత లైను ఊరి నడిబొడ్డు కింద సొరంగంలో నడుస్తుంది. ఒకచోట బాగా పల్లం. పెద్ద వాన పడితే నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి. తోడే పంపులు ఆమె ఉద్యోగంలో చేరేనాటికే ముసలివి, సిగ్నళ్ళ తీగలు అతుకుల మీద అతుకులతో బతుకుతున్నాయి. ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో ఆమె ఎక్కిన రైలే అక్కడ ఆగిపోయింది. మోకాటి లోతు నీళ్ళలో, చీకట్లో, జనమంతా ఒకరి చేతులొకరు పట్టుకుని స్టేషను దాకా నడిచారు. ఎవరికీ ఏమీ కాలేదు, అందుకే అందరూ మర్చిపోయారు. ఆమె మర్చిపోలేదు. కానీ పంపులకి డబ్బెవరిస్తారు? అప్పిచ్చే సంస్థలకి కొత్త లైను కావాలి, కొత్త స్టేషను కావాలి. పంపు దగ్గర రిబ్బను కత్తిరించి ఫొటో దిగడానికి ఎవరొస్తారు? ప్రణాళికని మళ్ళీ తిరగరాసే వేళకి ఆమె రిటైరయి ఇంట్లో ఉంటుంది. ఆ తరవాత పంపుల మాట ఎత్తే నాథుడు ఉండడు. ఈసారి మొదటి భాగంలోకి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టే.

ఇది ఆఫీసు సంగతి. ఇంటి సంగతి వేరే ఉంది, దాని పేరు చిన్నకోడలు.

కత్తెరమ్మ భర్తకి కళ్ళజోళ్ళ దుకాణం. ఆయన తమ్ముడు చాలా ఆలస్యంగా, ఇక చేసుకోడులే అని అందరూ వదిలేసుకున్నాక, ఒక బ్యాంకు ఉద్యోగిని పెళ్ళి చేసుకుని మేడ మీద కాపురం పెట్టాడు. వంటిల్లు మాత్రం కిందే, ఇద్దరికీ ఒకటే. పైగా వచ్చిన రెండేళ్ళకి ఆ అమ్మాయి బ్యాంకు మానేసి నగర రవాణా సంస్థలోనే, నిధుల విభాగంలో చేరింది. ఇంట్లో తోడికోడలు, ఆఫీసులో తోటి ఉద్యోగి. కత్తెరమ్మకి తలదాచుకునే చోటు లేకుండా పోయింది.

చిన్నది చెడ్డ మనిషైతే ఎంత హాయిగా ఉండేదో! తిట్టుకోవడానికి ఒక సాకు దొరికేది. అది నవ్వుతూ వస్తుంది, వరండా ఆ చివరినుంచే "అక్కా" అని నోరారా పిలుస్తుంది, డైరెక్టరు ముందు కూడా అక్కే. దాని గదికి కిటికీ ఉంది, కిటికీలోంచి చెట్టు కనిపిస్తుంది. కత్తెరమ్మ గదిలోంచి కనిపించేది జనరేటరు. ఇంట్లో సరేసరి. పొద్దున్న లేచి వంటంతా చేసేది పెద్దది. తొమ్మిదింటికి మెట్లు దిగి వచ్చి రెండు గిన్నెలు బల్ల మీద పెట్టేది చిన్నది. "అయ్యో, నీకెందుకమ్మా శ్రమ" అని అత్తగారు అనేది రెండో ఆమెతో.

ఆ అత్తగారికి ఫోను దొరికితే చాలు. "మా చిన్నకోడలు ఊరికి కొత్త రైలు తెస్తోందండీ. ఆ, మా వీధి చివరే స్టేషనట." అవతలివాళ్ళు ఏదో అడుగుతారు. "పెద్దదా? అదీ ఆ ఆఫీసేలెండి. ఏవో లెక్కలు చూస్తుంది." పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న కత్తెరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ ఆ ముసలావిడ నోట ఒక్క మెచ్చుకోలు కోసం కాసుక్కూర్చున్న మనిషి ఆమె. జ్వరాలొస్తే పక్కన కూర్చుంది, కంటి ఆపరేషనుకి సెలవు పెట్టింది. రైలు మాత్రం తేలేదు మరి.

ఒక సాయంత్రం చిన్నది వంటింట్లోనే రైలు లైను వేసింది. అత్తగారు అడిగిందని బల్ల మీద గిన్నెల మూతలు వరసగా పేర్చింది, అవి స్టేషన్లు. మధ్యలో పెద్దదాని గరిటె తీసి పడుకోబెట్టింది, అది లైను.

"ఇదిగో అత్తయ్యా, ఇక్కడ శివారు కాలనీలు. ఇటునుంచి ఎక్కితే ఇదిగో, ఈ పెద్ద మూత దగ్గర దిగి పాత లైనులోకి మారతారు."

"మన వీధి ఏదమ్మా?"

"ఈ గరిటె కొస దగ్గర."

అత్తగారు గరిటె కొసని వేలితో ముట్టుకుని మురిసిపోయింది. పొయ్యి దగ్గర నిలబడ్డ కత్తెరమ్మకి కూర కలపడానికి గరిటె లేదు. అడగాలంటే నోరు రావడంలేదు. కూర అడుగంటుతోంది, ఆమె కడుపూ అడుగంటుతోంది.

"అక్కా, మీ పాత లైను గురించి కూడా ఒక మాట చెప్పాలి," అంది చిన్నది తల ఎత్తి. "నేనొకటి ఆలోచించాను..."

జాలి పడబోతోందని కత్తెరమ్మకి అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందని అనుకుంది. "పాపం, మీ పంపులు కూడా ఎప్పటికైనా అవుతాయిలే అక్కా" అంటుంది. ఆ మాట ఆ నోటినుంచి వినడం కంటే చెవుల్లో దూది పెట్టుకోవడం మేలు.

"ముందా గరిటె ఇలా ఇస్తావా? కూర మాడుతోంది," అంది. "ఇంట్లో కూడా ఆఫీసు గోలేమిటమ్మాయ్, కాసేపు ఊపిరి పీల్చుకోనీ."

చిన్నది నాలిక్కరుచుకుని గరిటె కడిగి ఇచ్చింది. లైను మధ్యలో తెగిపోయి మూతలు మిగిలాయి.

కొత్త లైను అంచనా కత్తెరమ్మ బల్ల మీదికి వచ్చిన రోజున డైరెక్టరు ఆమెని పిలిపించాడు. "మీ తోడికోడలి ఫైలు కదా, ఇబ్బందైతే ఇంకొకరికి ఇస్తాను," అన్నాడు. మర్యాదస్తుడు.

"ఆఫీసులో నాకు చుట్టాలెవరూ లేరు సార్," అంది ఆమె. అనడానికి చాలా బాగుంది. డైరెక్టరు మెచ్చుకోలుగా తలూపాడు కూడా.

అంకె చూసింది. అనుకున్నదానికంటే తక్కువగా ఉంది. ఇన్నేళ్ళు కోసిన చెయ్యి, మామూలు రోజైతే అక్కడే ఆగేది, ఇందులో కత్తెర భాగం ఉన్నట్టు లేదే అని అనుమానించేది. ఆ రోజు ఆమె కళ్ళకి పొర కమ్మింది. గడుసుది, తక్కువ వేసినట్టు కనిపించి మార్కులు కొట్టేద్దామని చూస్తోంది అనుకుంది. అలవాటు కొద్దీ మామూలు కోత కోసింది. కోశాక కూడా కొత్త లైను మొదటి భాగంలో నిలబడేలాగే ఉంది.

అప్పుడే వరండాలోంచి చిన్నదాని నవ్వు వినిపించింది. ఏదో మామూలు నవ్వు, టీ తెచ్చినవాడితో ఏదో అని నవ్వింది. కత్తెరమ్మ మళ్ళీ కాగితం దగ్గరికి లాక్కుంది. శివారులో ఇళ్ళు అనుకున్నంత త్వరగా లేవకపోవచ్చు, అక్కడివాళ్ళు సొంత బళ్ళు వదలకపోవచ్చు, అని రెండు కారణాలు రాసి ఇంకో కోత కోసింది. ఆ రెండింటిలో ఒక్కటీ ఆమె నమ్మింది కాదు. మొదటి భాగంలో పెద్ద పని ఒక్కదానికే చోటుందని అందరూ అంటున్నారు, ఇది కిందికి పోతే పాత లైను పైకొస్తుంది, కాబట్టి ఇది ఊరి మంచికే అని కూడా తనకి తాను నచ్చజెప్పుకుంది. అయినా సంతకం పెడుతున్నప్పుడు ఆమెకి కనిపించింది పంపులు కాదు, ఫోను పట్టుకుని ఏం చెప్పాలో తెలియక నీళ్ళు నమిలే అత్తగారు. ఆ పూట ఇంట్లో కూర బ్రహ్మాండంగా కుదిరింది. భర్త రెండోసారి వడ్డించుకున్నాడు.

ప్రణాళిక ఖరారు చేసే సమావేశంలో పొడవాటి బల్ల చుట్టూ అన్ని విభాగాల వాళ్ళూ కూర్చున్నారు. కత్తెరమ్మ ఒక చివర, చిన్నది ఇంకో చివర. డైరెక్టరు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. కొత్త లైను అంచనా పరిశీలనలో బాగా తగ్గింది, అప్పిచ్చే సంస్థ పెట్టిన గీతకి కిందికి పోయింది, కాబట్టి రెండో భాగంలోకి మారుస్తున్నాం అన్నాడు. చిన్నదాని మొహంలో నెత్తురు చుక్క లేదు. కత్తెరమ్మ తల వంచుకుని, పెదవులు బిగబట్టి, నవ్వు బయటికి రాకుండా చూసుకుంది. తరవాత మాట పాత లైనుదే. ఆమె వెన్ను నిటారుగా చేసుకుని కూర్చుంది.

"దాంతోపాటే పాత లైను మరమ్మతు కూడా రెండో భాగంలోనే," అని డైరెక్టరు పేజీ తిప్పాడు.

"అదెందుకండీ?" కత్తెరమ్మ గొంతు ఆమెకే వింతగా వినిపించింది. "కొత్త లైను పోతే చోటు ఖాళీ అవుతుంది కదా?"

"చోటు సరేనమ్మా, డబ్బేదీ?" అన్నాడు నిధుల విభాగం పెద్దాయన. "అదీ ఇదీ ఒకే అప్పు. వట్టి పంపులకి ఎవడూ అప్పివ్వడని మీకు తెలియంది కాదు. కొత్త లైను దిగిన జనమంతా పాత లైనులోకే మారాలి కాబట్టి, అది బాగుచెయ్యకుండా ఇది తెరవడానికి వీల్లేదని మీ తోడికోడలే షరతు రాసి, ఆ ఖర్చంతా ఇందులో కలిపింది. అప్పిచ్చేవాళ్ళు ససేమిరా అన్నారు. వాళ్ళ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి ఒప్పించింది. ఏం, ఇంట్లో మీకు చెప్పలేదా?"

"చెప్పబోయాను సార్," అంది చిన్నది మెల్లగా. "అక్క పనిలో ఉన్నారు."

కత్తెరమ్మకి వంటిల్లు, మూతలు, గరిటె అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అడుగున ఏముందో చూడకుండా అంకె ఉన్న పేజీ మాత్రమే తిరగేసిన తన చేతిని తనే నరుక్కోవాలనిపించింది.

"ఇంతకీ అంచనా అంత ఎలా పోయిందమ్మా?" డైరెక్టరు చిన్నదాన్ని అడిగాడు. "కత్తెర భాగం కలిపే ఉంటావుగా?"

"లేదు సార్. మా విభాగంలో అందరూ కలపమన్నారు. వెళ్ళేది అక్క దగ్గరికి, అక్కతో దాగుడుమూతలెందుకని ఉన్నదున్నట్టు పంపాను." ఆ అమ్మాయి ముందున్న కాగితాలు మళ్ళీ తిరగేసింది. "అయినా అక్క కోశారంటే సరిగ్గానే కోసి ఉంటారు. నా లెక్కలోనే ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటుందేమోనని కత్తెరమ్మ వెతికింది. పిసరంత కూడా లేదు. అది మనస్ఫూర్తిగానే అంటోంది, అదే ఆమెని నిలువునా కాల్చేసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చిన్నది పొరపాటు పడ్డదవుతుంది, కత్తెరమ్మ కత్తెరమ్మే అవుతుంది. పంపులు మాత్రం వాటి ఖర్మాన అవి ఆగిపోతాయి, ఏదో ఒక వానకి. నోరు తెరిస్తే పంపులు వస్తాయి, కానీ తెచ్చింది చిన్నదవుతుంది. ఇన్నేళ్ళు తను మొత్తుకున్నా కదలని పని, అది వచ్చిన నాలుగు రోజుల్లో కదిలించిందని ఊరంతా అంటుంది. మోకాటి లోతు నీళ్ళు గుర్తు రాకపోయి ఉంటే ఆమె నోరు తెరిచేది కాదేమో. ఆ సంగతి ఆమే తరవాత ఒప్పుకుంది.

"ఆ అంకె నిలవదు సార్," అంది లేచి నిలబడి.

"ఏం? తప్పు జరిగిందా? మీ దగ్గరా?" డైరెక్టరు నమ్మలేదు.

"మామూలు కోత ఒకటి కోశాను. అది అలవాటు. ఆపైన ఇంకోటి కోశాను. దానికి నేను రాసిన కారణాలు కారణాలు కావు. ఆ అమ్మాయంటే నాకు ఓర్వలేనితనం, అందుకు కోశాను. ఎవరిచేతనైనా మళ్ళీ చూపించండి."

చిన్నది తల ఎత్తి ఆమెనే చూస్తోంది. కత్తెరమ్మ బల్ల అంచు పట్టుకుని, మళ్ళీ కూర్చోవాలా వెళ్ళిపోవాలా తెలియక అలాగే నిలబడింది. చివరికి డైరెక్టరే, "కూర్చోండమ్మా," అన్నాడు.

అంచనాని వేరేవాళ్ళు చూశారు. చిన్నది పంపిన అంకెకి అటూ ఇటూగా తేలింది. కొత్త లైను మొదటి భాగంలోకి వెళ్ళింది, దాని కిందే చిన్న అక్షరాల్లో "పాత లైను మరమ్మతుతో సహా" అని వేశారు. ఇన్నేళ్ళ పోరాటం చివరికి "తో సహా" అయింది. కోత పని ఇంకొకరికి అప్పగించి, కత్తెరమ్మకి పాత నివేదికలు సర్దే పని ఇచ్చారు. కోరుకున్నది దక్కినందుకు సంతోషపడదామని ఆమె నిజంగానే ప్రయత్నించింది. పంపులు వస్తున్నాయి, వస్తున్నాయి అని జపం చేసుకుంది. లోపలినుంచి "ఎవరి వల్ల?" అని ఒక గొంతు అడుగుతూనే ఉంది. దాని నోరు నొక్కడం ఆమె వల్ల కాలేదు.

సమావేశం అయిన సాయంత్రం చిన్నది స్టేషనులో ఆమె పక్కన వచ్చి నిలబడింది. రోజూలా నవ్వలేదు.

"ఎందుకక్కా? నా దగ్గర అంత ఏముందని?"

"నీకు తెలియదులే. అడక్కుండానే అన్నీ నీ దగ్గరికి వస్తాయి, నీకు కనిపించవు."

"అడక్కుండానా? ఆ అప్పు కోసం ఎన్ని గుమ్మాలెక్కానో మీకు తెలుసా? మీకోసం కూడా కాదక్కా. ఆ పంపుల గురించి మీరు చెప్పింది నిజమని చేశాను." ఆ అమ్మాయి సంచీ భుజానికి తగిలించుకుంది. "నలుగురిలో ఒప్పుకున్నారు, గొప్పే. నేను మాత్రం మీరెలా చూస్తే అలా ఉండలేను."

రైలు వచ్చింది. చిన్నది వేరే పెట్టెలోకి ఎక్కింది. మర్నాటినుంచీ ఆఫీసులో "మేడమ్" అనడం మొదలుపెట్టింది.

ఇంట్లో సంగతి దాగదు కదా. మరిది రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడో రోజు తల్లితో మేడ ఖాళీ చేస్తున్నామని చెప్పేశాడు. ఇంకో వీధిలో ఇల్లు చూసుకున్నారు. ఇల్లు చూసుకున్న మాట తనకి ముందుగా చెప్పలేదని అత్తగారు అగ్గిమీద గుగ్గిలమైంది. కత్తెరమ్మ వంటింట్లో కూరలు తరుగుతోంది, ఆవిడ చరచరా వచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఈ రోజు తనకి ఉంది అనుకుని కత్తెరమ్మ కత్తిపీట పక్కకి జరిపి సిద్ధమైంది. తిట్టాలి, తిట్టించుకోవాలి, అప్పుడైనా కొంత తేలికవుతుంది.

"విన్నానే అంతా," అంది అత్తగారు గొంతు తగ్గించి. "బాగా చేశావు."

"అత్తయ్యా?"

"దానికి ఈ మధ్య కళ్ళు నెత్తికెక్కాయి. రైలు తెస్తున్నానని నన్నెంత ఊరించింది! ఇప్పుడు చూడు, పెట్టె సర్దేసుకుంటోంది. ఎవరో ఒకరు కొయ్యాల్సిందే దాని పొగరు. నువ్వు కోశావు." ఆవిడ దగ్గరికి వచ్చి, ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, పెద్దకోడలి తల మీద చెయ్యి వేసింది. "నాకు మొదటినుంచీ తెలుసు. ఈ ఇంటికి నిలబడేది నువ్వే. నా పెద్దకోడలు బంగారం."

అది కాదు అత్తయ్యా, చిన్నది నిజం లెక్కే పంపింది, తప్పు నాది, అనాలి. ఆ మాట కత్తెరమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. తల మీద ఆ ముసలి చెయ్యి వెచ్చగా ఉంది. ఎంత ఆపుకుందామన్నా ఆమె ఒళ్ళంతా ఆ మాటని దాహంగా తాగేస్తోంది, అందుకు సిగ్గేస్తోంది, అయినా తాగుతూనే ఉంది. పైన మేడ మీద బరువైన పెట్టెలేవో నేల మీద ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అత్తగారు ఇంకా పొగుడుతూనే ఉంది. కత్తెరమ్మ ఆపమనలేదు.